సంక్రాంతికి మొదటి పరీక్ష, సంబరానికి రెండోది

భోగికి రెండు రోజుల ముందు ఇచ్ఛాపురం, సోంపేట, పలాస స్టేషన్లలో రైలు ఆగితే చాలు, బోగీలు సగం ఖాళీ అయిపోతాయి. చెన్నై, హైదరాబాద్‌లకు కూలి పనులకు వెళ్లినవాళ్లు ఊరికి చేరతారు. కనుమ దాటగానే మళ్లీ సంచులు సర్దుకుంటారు. గుజరాత్‌లోని వేరావల్‌కు చేపల వేటకు వెళ్లే మత్స్యకారుల లెక్క వేరు. అక్కడ వేట సీజన్ ముగిశాక, వేసవిలో గానీ వాళ్లు ఇల్లు చూడరు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతాన్ని పట్టి పీడిస్తున్న కిడ్నీ జబ్బు మీద అధ్యయనం చేయాలనుకునే ఎవరికైనా మొదటి చిక్కు ఈ రాకపోకలతోనే.

ఒకసారి రక్తం తీసి, క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం) ఎక్కువుందని తేలితే సరిపోదు. కిడ్నీల లోపం మూడు నెలలకు మించి కొనసాగితేనే వైద్యులు దాన్ని దీర్ఘకాలిక జబ్బుగా లెక్కిస్తారు. ఎండలో పని చేసి, నీళ్లు సరిగా తాగకుండా వచ్చిన మనిషికి ఆ ఒక్కరోజే క్రియాటినిన్ పెరిగి ఉండొచ్చు. అందుకే రెండో పరీక్ష తప్పనిసరి. తీరా ఆ రోజుకు మనిషి ఊళ్లో ఉండడు. సంక్రాంతికి ఒకసారి, వేసవిలో గ్రామదేవత సంబరానికి వచ్చినప్పుడు ఇంకోసారి పరీక్షిస్తే ఎంతమంది దొరుకుతారు? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలుసుకోవడానికి కోట్లు అక్కర్లేదు. రెండు మూడు ఊళ్లు, ఒక ఏడాది, కొద్ది లక్షలు చాలు. పైలట్ అధ్యయనం అంటే ఇదే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వైద్య కళాశాలల నుంచి పరిశోధన నిధుల కోసం ఇలాంటి చిన్న దరఖాస్తులు విరివిగా వెళ్లాలన్నది మా కోరిక.

ఉద్దానంలోని కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస మండలాలు పరిశోధకులకు కొత్త కాదు. ఇరవై ఏళ్లకు పైగా బృందాలు వస్తున్నాయి, బోరు నీళ్లు పడుతున్నాయి, రక్తం తీసుకుంటున్నాయి. జబ్బుకు ఇదీ కారణమని ఇప్పటికీ ఏ ఒక్కదాన్నీ వేలెత్తి చూపలేకపోతున్నారు. 'మా రక్తం పట్టుకెళ్లారు, ఏం తేలిందో మాకెవరూ చెప్పలేదు' అనే మాట ఆ ఊళ్లలో వినబడుతూనే ఉంటుంది. వచ్చినవాళ్ల చిత్తశుద్ధిని మేము శంకించడం లేదు. వచ్చి వెళ్లేవాళ్లకు తెలియనిది, ఇక్కడే ఉండి రోజూ ఓపీ చూసే డాక్టరుకు తెలిసేది చాలా ఉందని మాత్రం అంటున్నాం.

నొప్పి మాత్రల సంగతే చూడండి. కిడ్నీలను దెబ్బతీసేవాటిలో అవి కూడా ఉన్నాయి కాబట్టి ఏ ప్రశ్నావళిలోనైనా వాటి గురించి అడుగుతారు. మందు పేరు చెప్పి 'వాడతారా' అంటే ఎదుటివాళ్లు లేదనే అంటారు. 'కొబ్బరి దింపు పని అయ్యాక ఒళ్లునొప్పులకు ఏం వేసుకుంటావు, ఇంట్లో మాత్రల షీటు ఉంటే ఒకసారి చూపించు' అని అడగాలి. అప్పుడు గూట్లోంచి, చీర కొంగులోంచి షీట్లు బయటికొస్తాయి. ఇచ్ఛాపురం, కవిటి వైపు ఒడియా మాట్లాడే కుటుంబాలుంటాయి. కొండ ఊళ్లకు వెళ్తే సవర మాట్లాడేవాళ్లుంటారు. సమ్మతి పత్రం తెలుగులో చదివి వినిపించినంత మాత్రాన వాళ్లు ఒప్పుకున్నట్టు కాదు. ఇవన్నీ పెద్ద అధ్యయనం మధ్యలో బయటపడితే డబ్బూ కాలమూ మట్టిలో పోసినట్టే. పైలట్‌లో అయితే, అలా బయటపడటమే దాని ఫలితం.

ల్యాబు సంగతి ఇంకా ముఖ్యం. తీసిన రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవాన్ని (సీరం) వేరు చేసి, చల్లగా ఉంచి పంపాలి. మందస మారుమూల నుంచి శ్రీకాకుళం చేరేసరికి ఆ నమూనా ఏ స్థితిలో ఉంటుంది? ఒకే రక్తాన్ని రెండు ల్యాబులకు పంపితే క్రియాటినిన్ ఒకేలా వస్తుందా? పద్ధతులు వేరైతే, యంత్రాన్ని ప్రామాణికంతో సరిచూడకపోతే అంకెలు మారిపోతాయి. ఒక పాయింటు అటూ ఇటూ అయితే ఆరోగ్యంగా ఉన్న మనిషికి జబ్బు అంటగట్టి, ఇంటిల్లిపాదికీ టెన్షన్ పెట్టినవాళ్లమవుతాం. మొదటి దరఖాస్తుకు ఈ ఒక్క ప్రశ్నే సరిపోతుందని మా అభిప్రాయం.

దారులు లేవా అంటే ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 1979 నుంచి ఎంబీబీఎస్ విద్యార్థులకు చిన్న పరిశోధనలు చేయడానికి స్వల్పకాలిక స్టూడెంట్‌షిప్ ఇస్తోంది. పీజీల థీసిస్‌కు సాయం ఉంది. అధ్యాపకులకు రూ.2 కోట్ల లోపు ప్రాజెక్టులను ఆ సంస్థ 'చిన్న గ్రాంట్లు' కిందే చూస్తోంది. అందులో పది లక్షలు అడిగినా నామోషీ ఏమీ లేదు. చెన్నైలోని జాతీయ ఎపిడమియాలజీ (జబ్బుల వ్యాప్తి, కారణాల అధ్యయనం) సంస్థ ఆన్‌లైన్‌లో నడిపే బేసిక్ పరిశోధన కోర్సును మన అధ్యాపకులు, పీజీలు ఎలాగూ పాసవ్వాల్సిందే. నేర్చుకున్నది సర్టిఫికెట్ దగ్గరే ఆగిపోతుండటమే మా బాధ.

దరఖాస్తు రాసేవాళ్లకు మేము చెప్పగలిగేది కొంచెమే. ఉద్దానం జబ్బుకు కారణం కనిపెడతామని రాయొద్దు. పైలట్‌తో అది తేలదు, చదివేవాళ్లు నమ్మరు. ఎంతమందిని అడుగుతాం, ఎంతమంది ఒప్పుకోవచ్చు, ఎంతమంది రెండోసారి రావాలి, అంతకన్నా తక్కువ వస్తే ఏం మారుస్తాం అన్నది రాయాలి. బడ్జెట్‌లో యంత్రాలు తగ్గించి మనుషులకు పెట్టాలి. పరీక్షకు వచ్చిన జీడితోట కూలీకి ఆటో ఖర్చు, ఆ పూట పోయిన కూలి ఇవ్వడానికి ఐసీఎంఆర్ 2017 నైతిక మార్గదర్శకాలు ఒప్పుకుంటాయి. ఆ పద్దు రాయడానికి మొహమాటం ఎందుకు? ఇంకో మాట. క్రియాటినిన్ ఎక్కువ వచ్చిన మనిషిని ఎక్కడికి పంపుతారో దరఖాస్తులోనే ఉండాలి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అక్కడి వైద్యులతో ముందే మాట్లాడి పెట్టుకుంటే జనం 'రక్తం పట్టుకెళ్లారు' అనే అవకాశం ఉండదు.

ప్రశ్నలు ఉద్దానం దగ్గరే ఆగవు. పలాస జీడిపప్పు పరిశ్రమలో జీడిగింజల తొక్క నూనెకు చేతులు కాలిపోయే ఆడవాళ్లున్నారు. ఎలాంటి గ్లౌజులిస్తే వేళ్ల పని ఆగకుండా వాడగలరు? చీపురుపల్లి, గరివిడి చుట్టుపక్కల మాంగనీసు తవ్విన చోట దుమ్ము పీల్చినవాళ్లున్నారు. మాంగనీసు నరాల మీద ప్రభావం చూపుతుందన్నది వైద్యశాస్త్రానికి తెలిసిందే. జూట్ మిల్లుల్లో ముప్పై ఏళ్లు పనిచేసి ఆయాసంతో వచ్చేవాళ్లను విజయనగరం డాక్టర్లు చూస్తూనే ఉంటారు. 2023లో మొదలైన విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాలకు ఇంతకు మించిన ప్రయోగశాల ఎక్కడ దొరుకుతుంది?

మరి దరఖాస్తులు ఎందుకు వెళ్లవు? అధ్యాపకుల బద్ధకం అంటే మేము ఒప్పుకోం. ఉదయం ఓపీ, మధ్యాహ్నం క్లాసులు, రాత్రి డ్యూటీ. వీటి మధ్య, పరిశోధనకు అనుమతి ఇవ్వాల్సిన ఎథిక్స్ (నైతిక) కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో తెలియదు. గ్రాంటు వచ్చినా భయంగానే ఉంటుంది. రూపాయి రూపాయికీ బిల్లు చూపాలి, డబ్బు దేనికి ఖర్చయిందో చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ పంపితే గానీ రెండో విడత రాదు. రోగిని చూడాల్సిన మనిషి రసీదులు అతికిస్తూ కూర్చోవాలి. ఆడిట్‌లో ఏదైనా తేడా వస్తే జవాబుదారీ తానొక్కడే. ఇవన్నీ ఒకసారి చూసిన సీనియరు, జూనియరుకు 'మనకెందుకులే' అనే చెబుతాడు.

ఆ మాట పోవాలంటే రెండు జిల్లాల కళాశాలల్లోనూ పరిశోధన ఖాతాలు చూడటానికి ఒక్క ఉద్యోగి కావాలి. నెలకోసారి, ముందే ప్రకటించిన తేదీన ఎథిక్స్ కమిటీ కూర్చోవాలి. రాష్ట్ర ప్రభుత్వం ఏటా ఒక్కో కళాశాలకు కొద్ది మొత్తం విత్తన నిధి ఇచ్చి, ఢిల్లీలోని ఐసీఎంఆర్ నుంచి గ్రాంటు వచ్చేలోపు ప్రశ్నావళి పరీక్షించుకునే వీలు కల్పించాలి. ప్రిన్సిపాళ్లు, వైద్య విద్య అధికారులు ఇందులో మొదటి రెండూ తమ స్థాయిలోనే తేల్చవచ్చు. దసరాకు కమిటీ అనుమతి చేతిలో ఉంటేనే, భోగి నాటికి ఏఎన్‌ఎంలు, ఆశాలు ఉద్దానం ఊళ్లలో ఇంటింటికీ వెళ్లి పేర్లు రాసుకోగలరు.