విలేకరికి వార్తలతో ఏమి పని?

ఆగస్టు 15 దగ్గర పడుతోంది. మండల విలేకరులంతా దేశభక్తిలో, అంటే పావు పేజీ, అర పేజీ శుభాకాంక్షల యాడ్ల సేకరణలో తలమునకలుగా ఉండవలసిన సమయమిది. ఇలాంటి పవిత్రమైన రోజుల్లో కూడా కొందరు వార్తలు రాస్తున్నారని తెలిసి మనసు కలత చెందింది. ఒకాయన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పాముకాటుకు మందు లేదని రాశాడట. ఇంకొకాయన రైస్ మిల్లు బూడిద ఊరి మీద పడుతోందంటూ ఫొటో కూడా జతచేసి పంపాడట. ఆ మిల్లు యజమాని ప్రతి పండక్కీ మరిచిపోకుండా యాడ్ ఇచ్చే పెద్దమనిషి అన్న ఇంగితం ఉండవద్దా?

విలేకరి చేత యాడ్లు అడిగిస్తున్నారని మన మేధావులు యాజమాన్యాలనే ఆడిపోసుకుంటారు. యాజమాన్యాల బాధ ఎవరికి పట్టింది? పాఠకుడు ఇచ్చే డబ్బు కాగితానికీ సిరాకూ సరిపోదు. 1980ల చివర్లో జిల్లా సంచికలు మొదలయ్యాక ప్రతి మండలానికీ ఒక మనిషి కావలసి వచ్చాడు. అతన్ని ఉద్యోగి అంటే జీతం ఇవ్వాలి. జీతం ఇస్తే పత్రికా ఉద్యోగుల జీతాలు తేల్చడానికి ప్రభుత్వం వేసిన వేజ్ బోర్డు గుర్తుకొస్తుంది. మజీఠియా వేజ్ బోర్డు సిఫార్సులను 2011లో కేంద్రం నోటిఫై చేయనే చేసింది, 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సమర్థించనూ సమర్థించింది. ఇంతటి ఉపద్రవం నుంచి సంస్థలను గట్టెక్కించినది ఒక్కటే ఉపాయం. మనిషిని కంట్రిబ్యూటర్ అని పిలిచి, అచ్చయిన వార్తను స్కేలుతో కొలిచి, లైన్ అకౌంట్ అని నాలుగు డబ్బులు ఇవ్వడం. అది పెట్రోలుకు చాలడం లేదని ఫిర్యాదు. చాలకూడదు మరి! చాలితే యాడ్ల మీద శ్రద్ధ ఎక్కడినుంచి వస్తుంది?

విలేకరికి ప్రత్యేకంగా ఒక పంచాంగం ఉంటుంది. కొత్త సంవత్సరం, సంక్రాంతి, రిపబ్లిక్ డే, ఉగాది, తెలంగాణలో అయితే జూన్ 2, ఆ తర్వాత స్వాతంత్ర్య దినం, దసరా, దీపావళి. మధ్యలో పత్రిక వార్షికోత్సవం. పది, ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు పిల్లలకు ర్యాంకులు, విలేకరికి కాలేజీల గేట్లు. ఎమ్మెల్యే గారి పుట్టినరోజు సరే, ఆయన చేతిలో ఓడిపోయిన వారి పుట్టినరోజునూ మరవరాదు (ఓడినవారే చేయి విప్పి ఇస్తారని అనుభవజ్ఞుల మాట). ఈ పంచాంగంలో ఆదాయం సంస్థది, వ్యయం విలేకరిది. రాజపూజ్యం యాడ్ల టార్గెట్ పూర్తిచేసిన ప్రాంతీయ ఇన్‌ఛార్జికి దక్కుతుంది. అవమానం ఎవరి రాశిలో ఉందో చెప్పనక్కరలేదు.

అయినా అవమానాన్ని తట్టుకోవడం కూడా శిక్షణలో భాగమే. సర్పంచ్ గారి ఇంటికి వెళ్లగానే ఆయన కుర్చీ చూపించడు. "ఏం విలేకరి గారూ, మొన్న ఉపాధి హామీ మస్టర్లలో దొంగ పేర్లున్నాయని రాశారు. ఈరోజు యాడ్ కోసం వచ్చారా?" అంటాడు. అప్పుడు తడబడకూడదు. "అది నేను పంపింది కాదన్నా, డెస్కులో వాళ్లు మార్చేశారు" అనాలి. ఈ ఒక్క వాక్యం నోటికి వచ్చినవాడు పదేళ్లయినా అదే మండలంలో నిలబడతాడు. రానివాడికి మరుసటి నెలే కార్యాలయం నుంచి ఫోను వస్తుంది: "మీ మండలం వెనకబడి ఉంది. చేయగలరా, వేరేవారిని చూసుకోమంటారా?"

యాడ్ అచ్చయ్యాక అసలు పరీక్ష మొదలవుతుంది. బిల్లు పట్టుకుని వెళితే సర్పంచ్ గారు నిట్టూరుస్తారు. "సిమెంటు రోడ్డు వేయించి ఏడాదయింది, నా బిల్లే రాలేదు. అది రాగానే మొదట మీకే." ఆ రోడ్డు బిల్లు రాదు. యాడ్ బాకీ మాత్రం నెల తిరిగేసరికి విలేకరి ఖాతాలోంచి కోతపడుతుంది. ప్రజలకు సర్పంచ్ గారు చెప్పిన దసరా శుభాకాంక్షల ఖర్చు విలేకరి భార్య మెడలోని గొలుసు తాకట్టుతో తీరుతుంది. రెండు ప్యాంట్లకు మించి లేని మనిషి ఒక ప్రజాప్రతినిధికి ప్రచారం స్పాన్సర్ చేయగలగడం మన ప్రజాస్వామ్యంలో తప్ప మరెక్కడ సాధ్యం?

ఎన్నికల సమయం వేరు. అప్పుడు చిల్లర యాడ్లు ఉండవు, డబ్బు తీసుకుని అభ్యర్థి ప్రచారాన్ని వార్తలుగా అచ్చువేసే ప్యాకేజీలు ఉంటాయి. 2009 ఎన్నికల తర్వాత దీనిపై గగ్గోలు పుట్టి, ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో ఉపసంఘం వేసింది. అందులో ఒకరు మన కె. శ్రీనివాసరెడ్డి, మరొకరు పరంజయ్ గుహ ఠాకుర్తా. వాళ్లు ఊరుకోకుండా పత్రికల పేర్లతో సహా 71 పేజీల నివేదిక రాసి పెట్టారు. కౌన్సిల్ విజ్ఞత కలది కాబట్టి 2010లో పేర్లు తీసేసి, కుదించిన నివేదికనే ఆమోదించింది. పూర్తి పాఠం సమాచార హక్కు చట్టం పుణ్యమా అని మరుసటి ఏడాది గానీ బయటికి రాలేదు. అదే 2011లో ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఒకరిపై ఎన్నికల సంఘం అనర్హత వేటు వేసింది, వార్త రూపంలో వచ్చిన ప్రచారం ఖర్చును లెక్కలో చూపలేదని. కొన్నవారికి పదవి పోయింది. అమ్మినవారిని ఏం చేయాలి? ప్రెస్ కౌన్సిల్‌కు 1978 చట్టం ఇచ్చిన ఆయుధాలు హెచ్చరిక, మందలింపు, అభిశంసన. ఇవేవీ యాడ్ రేటును తగ్గించేవి కావు.

కాబట్టి నా సూచన. 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టంలోని నిర్వచనంలో సంపాదకుడి నుంచి కార్టూనిస్టు, ప్రూఫ్ రీడర్ వరకు అందరూ ఉండేవారు, యాడ్లు తెచ్చేవాడు మాత్రం లేడు. ఆ లోటును ఇకనైనా పూడ్చాలి. విలేకరి పోస్టుకు రాత పరీక్ష బదులు ఊళ్లో ఎందరు రియల్ ఎస్టేట్ వ్యాపారులు ఫోను ఎత్తుతారో చూడాలి. విలేకరి దగ్గరే డిపాజిట్ తీసుకునే సంస్థలు ఇప్పటికే ఈ దిశలో సగం దూరం నడిచాయి.

ఇక వార్తలు కావాలనే ఛాందసులు కొందరు మిగులుతారు. వారినీ నిరాశపరచనక్కరలేదు. ఊరికి నీళ్లు రావడం లేదనో, కాలువ గట్టు తెగి వరి మునిగిందనో లోకానికి తెలియజేయదలచిన రైతులు నేరుగా యాడ్ విభాగాన్ని సంప్రదించవచ్చు. కాలమ్ సెంటీమీటరుకు శుభాకాంక్షల రేటే వర్తిస్తుంది. మునిగిన పొలం రంగుల్లో కనబడాలంటే అదనం. డబ్బు ముందుగానే కట్టాలి, అప్పు పెట్టే సౌకర్యం ప్రజాప్రతినిధులకు మాత్రమే.