‘సర్రౌండ్’లో ఉన్నది గుండ్రం కాదు, వరద

చెన్నైలోని తెలుగు కుటుంబాల వాట్సాప్ బృందాల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. ‘సర్రౌండ్’ అనే ఇంగ్లీషు మాట మన ‘సర్వ’కు ‘రౌండ్’ చేరగా పుట్టిందట. రౌండ్ ఉంది కనుక అన్ని వైపులా చుట్టుముడితేనే ఆ మాట వాడాలట. ‘మూడు వైపులా’ అని రాసిన పిల్లలకు మార్కులు తెగ్గోయాలట.

ముందు ఆ రౌండ్ సంగతి. సర్రౌండ్ లాటిన్ ‘సూపర్‌ఉందారే’ నుంచి పాత ఫ్రెంచి మీదుగా వచ్చింది. సూపర్ అంటే పైన, ఉందా అంటే అల. 15వ శతాబ్దపు ఇంగ్లీషులో దానికి పొంగి ముంచెత్తడమనే అర్థం. గుండ్రమైన రౌండ్‌కు మూలం వేరు, చక్రమని అర్థమున్న ‘రోటా’. సమృద్ధిగా ఉండడమనే అర్థమున్న ‘అబౌండ్’ కూడా ఉందా సంతానమే. అందులో బౌండ్ వినిపిస్తోందని కట్టేయడమనే అర్థం ఎవరూ లాగరు కదా! నిజానికి ఈ సందేశం రాసినవారి చెవి లాంటి చెవులే ఇంగ్లండులోనూ ఉండేవి. మాటలో రౌండ్ వినబడి, 17వ శతాబ్దంలో జనం దాన్ని చుట్టుముట్టడానికి వాడసాగారు. పుట్టుక తప్పుగా విన్నా వాడుక నిలిచింది. 2015 డిసెంబరులో చెన్నైలో అడయారు నది పొంగినప్పుడు సైదాపేట, కోట్టూరుపురం వీధులు చూసినవారికి ఈ రెండు అర్థాల మధ్య దూరమెంతో తెలుసు. మొదటి అంతస్తు మెట్ల దాకా వచ్చిన నీరు ఇంటిని ముంచినట్టా, చుట్టుముట్టినట్టా?

ఇక ‘సర్వ’. ఈ ‘సర్’ ఫ్రెంచి నోట అరిగిన సూపరే. సర్‌ప్లస్, సర్‌నేమ్‌లలో ఉన్నదీ అదే. సంస్కృతంతో చుట్టరికం కావాలంటే ఉంది, సందేశం వెతకని చోట. సూపర్‌కు జ్ఞాతి ‘ఉపరి’. ఉందాకు జ్ఞాతి ‘ఉదకం’. సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠంలో ‘ఉందీ క్లేదనే’ అని, తడపడమనే అర్థంలో ధాతువే ఉంది. ఎవరూ ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోలేదు, దొంగిలించనూ లేదు. రెండు భాషలకూ పూర్వికభాష ఒకటే.

మూడు వైపుల గొడవ మరీ విడ్డూరం. మూడు వైపులా నీరు సర్రౌండ్ చేసిన నేల అని ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలే ద్వీపకల్పాన్ని వివరిస్తాయి. నాలుగో వైపూ నీరుంటే అది ద్వీపమే అయిపోతుంది. మార్కులు తెగ్గోసే మాస్టారు ఆ కోత భూగోళం పుస్తకంతోనే మొదలుపెట్టాలి.