కవచ్ గారికి కర్నూలు నుంచి ఒక మనవి

రైళ్లు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా కాపలా కాసే రైల్వే యంత్రం మహారాజశ్రీ కవచ్ గారికి,

కర్నూలు నుంచి ఒక మామూలు ప్రయాణికుడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు కూడా పట్టాల మధ్య స్లీపర్లను కరుచుకుని, స్టేషన్ పక్కన టవరెక్కి, ఇంజన్ క్యాబిన్లో కూర్చుని క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఒకే సమయంలో మూడుచోట్ల హాజరు కావడం ఉపాధి హామీ మస్టర్లలో తప్ప నేనెక్కడా చూడలేదు.

మీ గురించి విన్నాక నాకు కొంచెం టెన్షన్ పట్టుకుంది. ముందున్న సిగ్నల్ ఎరుపో పచ్చో డ్రైవర్ ఎదురుగా తెర మీదే చూపిస్తారట. స్పీడు మితి దాటితే మోగుతారట. ఆయన పట్టించుకోకపోతే రెండో మాట లేకుండా మీరే బ్రేకు వేసేస్తారట. మరి బతిమాలుకోవడం ఎప్పుడు? "ఈ ఒక్కసారికి వదిలెయ్ అన్నా" అనడానికి మధ్యలో సందేదీ?

2022 మార్చి 4న మీరు చేసిన పని ఇంకా ఘోరం. వికారాబాద్ వైపు గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య మీకు పరీక్ష పెట్టారు. ఒక ఇంజన్లో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్, అదే పట్టా మీద ఎదురుగా ఇంకో బండిలో రైల్వే బోర్డు చైర్మన్. ఇంకా 380 మీటర్లు ఉండగానే ఆపేశారు. మంత్రిగారున్న బండినండీ! మా ఊరికి మంత్రి వస్తే సిగ్నలే పక్కకు తప్పుకుంటుంది. బళ్లారి చౌరస్తాలో మేము హెల్మెట్ల కింద ఉడికిపోతూ నిలబడి ఉంటాం, ఆయన కాన్వాయ్‌కి మూడు రంగులూ పచ్చగానే కనిపిస్తాయి.

మంత్రిదాకా ఎందుకు, మొన్న రాజ్‌విహార్ దగ్గర ఒకే బండి మీద ముగ్గురు కుర్రాళ్లను హోంగార్డు ఆపి తాళం లాక్కున్నాడు. మధ్యలో ఉన్నవాడు దిగను కూడా దిగలేదు. ఫోన్ తీసి "మామా" అన్నాడు, నాలుగు ముక్కలు చెప్పి ఫోన్ హోంగార్డు చేతికిచ్చాడు. "మాట్లాడు." పాపం ఆయన దాన్ని చెవికి ఆనించకుండా అంగుళం దూరంలో పట్టుకుని "సరే సార్... తెలీదు సార్... సరే సార్" అని, ఫోనూ తాళమూ కలిపి తిరిగిచ్చేశాడు. కుర్రాడు ఆయన వేలి చెమటను ప్యాంటుకు తుడిచి మరీ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

మీరూ గాల్లోనే మాట్లాడుకుంటారు, రేడియోలో. కానీ ఆ మాటలు స్టేషన్లకూ ఇంజన్లకూ మధ్యనే. ఆ లైన్లోకి ఏ మామా దూరలేడు. "నేనెవరో తెలుసా" అంటే మీకు తెలియదు. స్లీపర్లకు బిగించిన ట్యాగు నంబరు తెలుసు, బండి ఎక్కడుందో తెలుసు, ఎంత స్పీడుందో తెలుసు. మనిషి గొప్పతనం ఒక్కటే తెలియదు. ఇలాగైతే జిల్లాలో ఎలా నెగ్గుకొస్తారు?

మీ దూరపు చుట్టం ఒకాయన మా కార్లలో ఉన్నాడు లెండి. 2019 జూలై నుంచి తయారైన కార్లలో స్పీడు 80 దాటితే ఉండుండి కూస్తాడు, 120 దాటితే ఆపకుండా కూస్తాడు. డోన్‌లో పెళ్లికి కారు మాట్లాడుకుని వెళ్లినప్పుడు చూశాను. కూత మొదలవగానే మా డ్రైవర్ పాట సౌండ్ పెంచాడు. బెల్టు పెట్టుకోమని మోగే కూతకైతే పాట కూడా అక్కర్లేదు, ఆ సందులో వట్టి క్లిప్పు ఒకటి గుచ్చి ఉంది. బెల్టు మాత్రం సీటు వెనక వేలాడుతోంది. "అది వట్టి కూతే సార్, ఏం చేయదు" అని నాకే ధైర్యం చెప్పాడు. నిజమే, మీ చుట్టం చేతికి బ్రేకు ఇవ్వలేదు.

లెవెల్ క్రాసింగ్ దగ్గరపడితే మీరే ఇంజన్ చేత కూత వేయిస్తారట. మంచిదే. కాకపోతే వేసిన గేటు కింద నుంచి బైకు ఒరగేసి దూరే మావాళ్లు ఆ కూతకు ఆగరు, ఇంకా తొందరపడతారు.

మీ మీద నాకూ ఫిర్యాదులున్నాయి. 2012 మే 22 తెల్లవారుజామున పెనుకొండలో హంపి ఎక్స్‌ప్రెస్ సిగ్నల్ దాటి వెళ్లి, ఆగి ఉన్న గూడ్సును గుద్దుకుంది. పాతికమంది దాకా పోయారు. అప్పటికి మీరింకా కాగితాల్లో కళ్లు తెరుస్తున్నారు, పేరు కూడా టీకాస్. ప్యాసింజరు బండి మీద మిమ్మల్ని పరీక్షించడం మొదలైంది 2016లో, దేశానికంతటికీ మీరే అని తేల్చింది 2020లో. దేశంలో 68 వేల కిలోమీటర్లు దాటిన రైలుమార్గంలో 2023 చివరికి దక్షిణ మధ్య రైల్వేలో మీరు పరుచుకున్నది 1465. అందులో మన్మాడ్ నుంచి సికింద్రాబాద్, కర్నూలు, డోన్ మీదుగా గుంతకల్లు దాకా ఉంది కాబట్టి మేం బతికిపోయాం. ఆ ఏడాదే అక్టోబర్ 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర ఒకే లైన్లో వెనక ప్యాసింజరు వెళ్లి ముందున్న ప్యాసింజరును గుద్దింది. అక్కడ మీరు లేరు.

పట్టా మీద ఉన్నా, వచ్చే ఇంజన్లో మీరు లేకపోతే లేనట్టే. పెళ్లికూతురు పీటల మీద కూర్చుని పెళ్లికొడుకు రాకపోతే ఏం పెళ్లి? పట్టా మీదికి గొర్రెల మంద వచ్చినా మీకు కనపడదు, మా సీమలో అది రోజూ జరిగేదే. పట్టా విరిగినా మీకు సంబంధం లేదు. ఇవన్నీ మీ తప్పులని కాదు, కవచమని పేరు పెట్టుకున్నాక మావాళ్లు తాయెత్తు లెక్కలో నమ్మేస్తారని చెబుతున్నాను.

ఉంటాను. గుంతకల్లు వైపు వచ్చినప్పుడు కర్నూలులో ఆగక్కర్లేదు, సిగ్నల్ పచ్చగా ఉంటే వెళ్లిపోండి.

ఇట్లు,
మీ ప్రయాణికుడు

తా.క. ఈ ఉత్తరం పక్కన కూర్చుని చదివిన మా బావమరిది ఒక మాట అడగమన్నాడు. ఆయన ఎక్కిన బండి ఎప్పుడైనా అర్జెంటుగా పోవాల్సి వస్తే, మీకు ఎవరితో చెప్పించాలి?