సవరణ: పెంపకం చేపల్లో ఒమేగా-3 గురించి

నదుల్లో, సరస్సుల్లో సహజంగా పెరిగిన మంచినీటి చేపల్లోనే ఒమేగా-3 కొవ్వులు (గుండెకు మేలు చేస్తాయని చెప్పేవి) ఉంటాయనీ, పెంపకం చేపల్లో అవి నామమాత్రమనీ ఇంతకుముందు రాశాను. అన్ని చేపలనూ అలా ఒకే గాటన కట్టడం నా పొరపాటు.

ఛానల్ క్యాట్‌ఫిష్ (ఒక రకం మీసాల చేప) విషయంలో ఆ మాట నిజమే. 100 గ్రాముల పచ్చి మాంసంలో నది చేపకు సుమారు 3 గ్రాముల కొవ్వు ఉంటే, పెంచినదానికి దాదాపు 6 గ్రాములు ఉంటుంది. అయినా ఒమేగా-3 మాత్రం నది చేపలోనే ఎక్కువ. సోయా, మొక్కజొన్న కలిపిన మేత వల్ల పెంపకం చేప ఒంట్లో ఒమేగా-6 అనే మరో రకం కొవ్వు పేరుకుంటుంది. బాగా మేపిన చేపను కోసి చూడండి, పేగుల చుట్టూ కొవ్వు ముద్దలుగా కనిపిస్తుంది.

రెయిన్‌బో ట్రౌట్ (చల్లటి నీళ్లలో పెరిగే మరో చేప) దగ్గరకు వచ్చేసరికి నా వాదన నిలవదు. దాని మేతలో చేపనూనె కలిపితే, పెంచిన ట్రౌట్‌లో ఒమేగా-3 సహజమైనదానికి ఏమాత్రం తీసిపోదు, కొన్నిసార్లు ఎక్కువే ఉంటుంది. మేత సంగతే నేను లెక్కలోకి తీసుకోలేదు. అసలు కీలకం అదే.

మాంసకృత్తుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. నా మాట నమ్మి ఎవరైనా పెంపకం చేపలు మానేసి ఉంటే, ఆ కారణంతో మానవలసిన అవసరం లేదు. క్షమించండి.