ఆరిందా అని అడగకండి

ఎండాకాలంలో బండికి రంగు వేసుకునేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. పొద్దున వేస్తారు, సాయంత్రానికి ఆరిపోతుంది, మర్నాడు బండెక్కి వెళ్లిపోతారు. ఆ రంగుకూ వాళ్లకూ మధ్య అనుబంధం ఎక్కడిది? ఎనామెల్ రంగుతో కాపురం చేయాలంటే ఆదిలాబాద్‌లో, జనవరి మొదటి వారంలో, అదీ ఆఫీసు నుంచి వచ్చాక రాత్రి ఏడింటికి డాబా మీద వేయాలి. నేను వేశాను. నేటికి పదకొండు రోజులు. మా బంధం ఇంకా తడిగానే ఉంది.

వేసింది నాన్న పాత స్కూటర్ ముందు మడ్‌గార్డుకి, రెండు సైడ్ కవర్లకి. ఉప్పు కాగితంతో తుప్పు గీకాను, రంగుకి ముందు వేసే ఎర్ర పూత, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ కొట్టాను. అంతవరకూ పద్ధతిగానే ఉన్నాను. డెంటింగ్ షెడ్డు మేస్త్రీని సలహా అడిగితే, "పదకొండు నుంచి రెండింటి మధ్యల ఎండకు పెట్టి, రేకు గరమైనంక కొట్టుండ్రి సారూ. పల్చగ కొట్టాలె. పొద్దుగూకితే లోపట పెట్టుండ్రి, మంచు పడ్తది" అన్నాడు. జీవితమంతా రంగుల్లోనే గడిపిన మనిషి మాట వినడం నాలాంటి డిగ్రీ హోల్డర్‌కి నామోషీ. పైగా మా ఊళ్లో తెల్లవారుజామున వణికించే చలి మధ్యాహ్నానికి మాయమై చక్కగా ఎండ కాస్తుంది. ఆయన చెప్పినట్టు చేస్తే రంగు ఆరిపోయే ప్రమాదం ఉంది.

చలికి డబ్బాలో ఎనామెల్ ఆముదంలా చిక్కబడింది. టర్పెంటైన్ పోశాను. చాలలేదనిపించి ఇంకాస్త పోశాను. తీగకు వేలాడదీసిన సైడ్ కవరు మీద రంగు నెమ్మదిగా కిందికి దిగి, అడుగు అంచున బొట్లుబొట్లుగా ఆగింది. తెలియనివాళ్లు దీన్ని కారడం అంటారు. నేను ముత్యాల అంచు అంటున్నాను. తెల్లారి చూస్తే నేవీ బ్లూ నిగనిగ పోయి, వంకాయ మీద బూడిద చల్లినట్టయింది. రాత్రిపూట ఆరుబయట రేకు గాలికంటే ముందే చల్లబడుతుంది. అందుకే మంచు వెతుక్కుంటూ వచ్చి దానిమీదే కూర్చుంటుంది. అతిథిని కాదనలేం కదా.

ఎనామెల్ ఆరడమంటే బట్టలు ఆరడం కాదు. ముందు టర్పెంటైన్ ఎగిరిపోవాలి. తర్వాత ఆ రంగు గాలిలోని ఆక్సిజన్‌ని పట్టుకుని గట్టిపడాలి. పది డిగ్రీలు తగ్గితే ఇలాంటి పనుల వేగం దాదాపు సగమైపోతుందని రసాయనశాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది. డబ్బా మీద రాసే గంటలన్నీ వెచ్చని రోజులకే. 10 డిగ్రీలకంటే దిగితే అసలు వేయవద్దని చాలా డబ్బాల మీద ఉంటుంది, కానీ అంత చిన్న అక్షరాలు చీకట్లో ఎవరికి కనిపిస్తాయి? అమెరికాలో ఫోర్డ్ వాళ్లు 1914 నుంచి 1925 దాకా మోడల్ టీ కార్లన్నిటికీ నల్ల ఎనామెలే వేసి, భాగాలను ఓవెన్లలో పెట్టి కాల్చేవాళ్లు. అంత పెద్ద కంపెనీకి ఓపిక లేకపోవడం విచారకరం.

ఇక అసలు లాభం సంక్రాంతికి తెలిసింది. "ముట్టుకోవద్దు" అని అట్టముక్క మీద రాసి మడ్‌గార్డు పక్కన పెట్టాను. వచ్చినవాళ్లంతా అది పూర్తిగా చదివి, "ఆరిందా?" అని వేలు పెట్టారు. బావమరిది బొటనవేలు హెడ్‌లైటు కింద, మా పెద్దమ్మ చూపుడువేలు కుడివైపున, ఎవరి పిల్లాడిదో తెలియని అరచెయ్యి మొత్తం ఎడమవైపున. పక్కింటి పిల్లి అడుగులు నాలుగు విడిగా ఉన్నాయి. మా బంధువర్గానికి ఇంతకంటే నమ్మకమైన బయోమెట్రిక్ లేదు.

భోగినాడు మామగారు, "మంట దగ్గర పెడితే చిటికెలో ఆరదా అల్లుడూ" అన్నారు. గుప్పుమని టర్పెంటైన్ వాసన కొట్టేదాన్ని మంట దగ్గరికి తీసుకెళ్లడం ఒక్కటే నేను చేయని తప్పు. అయినా భోగి బూడిద తనే డాబా ఎక్కి వచ్చి అంటుకుంది. మర్నాడు తెగిన గాలిపటం ఒకటి వచ్చి మడ్‌గార్డు మీద వాలింది. మెల్లగా లాగితే గాలిపటం నీలంగా, మడ్‌గార్డు ఎర్రగా మిగిలాయి. రెడ్ ఆక్సైడ్ మాత్రం భేషుగ్గా ఆరింది.

ఇవాళ పొద్దున నాన్న పైకి వచ్చి, మాట్లాడకుండా గోరుతో ఒక్కసారి నొక్కారు. పైన పాల మీద మీగడలా తొక్క, కింద పచ్చి రంగు. దీనిమీదే ఇంకో కోటు వేస్తే ముడతలు పడుతుందని, మొత్తం గీకేయమని అన్నారు. ఆయనకు తొందరెక్కువ. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఎలాగూ ఆ రాత్రి జాగారమే కాబట్టి, రెండో కోటు అప్పటికి పెట్టుకున్నాను. డాబా మీద లైటు కూడా వేయించాను.