ఏమీ జరగనివ్వని మనిషికి ఫ్లెక్సీయా?

భారత మహిళల ఫుట్‌బాల్ జట్టు డిఫెండర్ ఆశాలతా దేవి మీద నాకున్న తీవ్ర అభ్యంతరాన్ని నమోదు చేయడానికే ఈ నాలుగు ముక్కలు. ఇంఫాల్ అమ్మాయి. 2024 అక్టోబర్ 17న కాఠ్మాండూలో పాకిస్తాన్‌తో ఆడి వంద అంతర్జాతీయ మ్యాచ్‌లు పూర్తి చేసింది. మన దేశపు ఆడవాళ్ళ ఫుట్‌బాల్‌లో అంతకుముందు ఎవరూ వంద చూడలేదు. బాగానే ఉంది. గోల్స్ ఎన్ని?

ఈ ప్రశ్న నాది కాదు. విజయనగరం గంటస్తంభం దగ్గర టీ తాగుతూ వార్త చదివి వినిపిస్తే, పక్కనున్న రిటైర్డ్ మాస్టారు అడిగారు.

"ఆవిడ గోల్స్ ఆపుతుందండీ."

"ఆపితే ఆపింది బాబూ, కొట్టినవెన్ని?"

అదే మ్యాచ్‌లో మన ఫార్వర్డ్ బాలాదేవి తన 50వ గోల్ కొట్టిందని చెప్పాకే ఆయన మొహం విప్పారింది. "అదీ! అలా చెప్పు."

మాస్టారిది న్యాయమే. కెప్టెన్ ఎలా ఉండాలో మా ఊరికి ఒకరు నేర్పక్కర్లేదు. 1936లో ఇంగ్లండ్ వెళ్ళిన మన క్రికెట్ జట్టుకు మా విజయనగరం రాజకుమారుడు విజ్జీ గారే కెప్టెన్. మూడు టెస్టులు, అన్నీ కలిపి 33 పరుగులు. సిరీస్ 2-0తో పోయింది. బాగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ని క్రమశిక్షణ పేరుతో మధ్యలోనే ఓడెక్కించి ఇంటికి పంపేశారు. ఆ ఏడాదే విజ్జీ గారికి సర్ బిరుదు కూడా వచ్చింది. ఊళ్ళో స్టేడియం ఈనాటికీ ఆయన పేరు మీదే ఉంది. కెరీర్ అంటే అలా ఏదో ఒకటి జరుగుతూ ఉండాలి.

ఈవిడ కెరీర్‌లో ఏం జరిగింది? 2022 జనవరిలో ఆసియా కప్పు మన దగ్గరే, నవీ ముంబైలో. కెప్టెన్ ఈవిడే. ఇరాన్‌తో 0-0. వెనక నిలబడేవాళ్ళకి ఆ రెండో సున్నాయే జీతం, బత్తెం. మూడు రోజులకి జట్టులో కరోనా. రెండో మ్యాచ్‌కి రూలు ప్రకారం కావాల్సిన పదమూడు మంది కూడా లేరు. జట్టు తప్పుకున్నట్టే లెక్క అని, ఇరాన్ మ్యాచ్ ఫలితాన్ని కూడా కొట్టేశారు. సున్నాకి కూడా కోత పడుతుందని నాకు అప్పుడే తెలిసింది! ఆగస్టులో ఈవిడ ఆడే క్లబ్బు గోకులం కేరళ జట్టు ఆసియా క్లబ్బుల పోటీకని తాష్కెంట్‌లో దిగేసరికి మన ఫెడరేషన్‌ని ఫిఫా సస్పెండ్ చేసి కూర్చుంది. బంతి ముట్టకుండానే తిరుగు విమానం.

మా వీధి కాలవ పొంగని ఏడాది, దాన్ని శుభ్రం చేసే మనిషి పేరేంటో ఎవరూ అడగలేదు. పొంగిన రోజు మాత్రం అతని ఫోన్ నంబరు నిమిషంలో అందరి దగ్గరా ఉంది. కాఠ్మాండూలో మనం 5-2తో గెలిచాం. "ఆ రెండూ ఎలా పోయాయి?" అన్నారు మాస్టారు. ఆవిడ సంగతి ఆయన స్వయంగా ఎత్తడం అదే మొదలు.

అయినా పెద్ద మనసు చేసుకుని, నా సొంత ఖర్చుతో ఒక ఫ్లెక్సీ వేయిద్దామని డీటీపీ షాపుకి వెళ్ళాను. ఫోన్‌లో ఉన్న ఫొటో ఇచ్చాను. ముందు ఇద్దరు ఫార్వర్డ్‌లు గోల్ కొట్టి గెంతుతున్నారు. వాళ్ళ వెనక దూరంగా ఈవిడ, జట్టుని వెనక్కి రమ్మని చెయ్యి ఊపుతూ. కుర్రాడు మౌస్ తిప్పి తిప్పి, ఫొటో పెద్దది చేసి, నా వైపు తిరిగాడు.

"సార్, ఎనకాల ఎవరో ఒకావిడ అడ్డొస్తంది. చెరిపేమంటారా?"