లింకుకు పేరు పెట్టొద్దన్న ఫార్వర్డ్‌కు నా జవాబు

ఈ నెలలో ఇది నాకు ఐదోసారి వచ్చింది. పాత సహోద్యోగుల గ్రూపులో రెండుసార్లు, మా బావమరిది విడిగా ఒకసారి, ఆఫీసు గ్రూపులో మొన్నొకసారి, నిన్న రాత్రి మళ్లీ అక్కడే. “డాక్యుమెంట్ సాఫ్ట్‌వేర్‌లో నోట్స్ రాసేవాళ్లు తప్పక చదవండి” అని మొదలవుతుంది. నోట్స్‌లో లింకు పెట్టేటప్పుడు దానికి సొంత పేరు ఇవ్వకూడదట, అడ్రస్ మొత్తం ఉన్నదున్నట్టు పేస్ట్ చేయాలట. కారణాలు ఆరు. పేరు పెడితే లింకు త్వరగా తెగిపోతుంది. ఫోన్‌లో తెరుచుకోదు. వెతికితే దొరకదు. ఆడిట్‌లో చెల్లదు. పేరు వెనక మోసం ఉంటుంది. అసలు పేరన్నది ఉత్త అలంకారం, దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. చివర కొసరుగా, ప్రింట్ తీస్తే అడ్రస్ కనపడదని ఒక మాట.

ఇన్నాళ్లూ చూసీ చూడనట్టు వదిలేశాను. నిన్న మా సెక్షన్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఈ మెసేజ్ నమ్మి, తను రాసిన నోట్స్‌లో పేర్లన్నీ తీసేసి అడ్రస్‌లు పేస్ట్ చేసింది. సగం రోజు పని అది. ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

లింకు తెగేది దాని అడ్రస్ మారినప్పుడు. పైన కనిపించే పేరుకూ దానికీ సంబంధం లేదు. షేర్డ్ డ్రైవ్‌లోని ఫోల్డర్ దారిని లింకుగా ఇస్తే, ఎవరో ఆ ఫోల్డర్ పేరు మార్చిన రోజున అది తెగుతుంది, మీరు పేరు పెట్టినా పెట్టకపోయినా. గూగుల్ డ్రైవ్ లింకులో ఫైల్ ఐడీ, అంటే ఆ ఫైల్‌కు మారని గుర్తింపు, ఉంటుంది కాబట్టి ఫైల్‌ను వేరే ఫోల్డర్‌లోకి జరిపినా పనిచేస్తుంది. ఆఫీసు ఫైళ్లు దాచుకునే మైక్రోసాఫ్ట్ షేర్‌పాయింట్‌లో డాక్యుమెంట్ ఐడీ సదుపాయం ఆన్ చేయిస్తే అక్కడా అంతే. తెగుతుందని భయమున్నవాళ్లు చూసుకోవాల్సింది అది.

ఫోన్‌లో తెరుచుకోదన్నది అబద్ధం. ఒకసారి నొక్కి చూస్తే తెలిసేదానికి ఫార్వర్డ్ దేనికి?

వెతికితే దొరకదన్న మాట పూర్తిగా తలకిందులు. “భూమి కొలతలు” అని ఒక ఫైల్ ఉందనుకోండి. కంటికి ఆరు అక్షరాలు. కానీ వెబ్ అడ్రస్‌లో తెలుగు నేరుగా వెళ్లదు. గుణింతపు గుర్తులను విడిగా లెక్కేస్తే అందులో పది గుర్తులున్నాయి. ఒక్కో గుర్తుకు మూడు బైట్లు, ఒక్కో బైటుకు ఒక పర్సెంట్ గుర్తూ దాని వెనక రెండు అంకెలో అక్షరాలో. అంటే గుర్తుకు తొమ్మిది చొప్పున 90, మధ్య ఖాళీకి 3, మొత్తం 93. ఆ 93 గుర్తుల పర్సెంట్ల వరసను నోట్‌లో పేస్ట్ చేసి, రేపు సెర్చ్ పెట్టెలో “కొలతలు” అని కొడితే ఆ నోట్ ఎలా దొరుకుతుంది? నోట్ పాఠంలో ఆ మాట ఉంటేనే దొరుకుతుంది. ఆ మాటను అక్కడ ఉంచేది మనం పెట్టిన పేరే.

ఆడిట్ సంగతి. నాణ్యత నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 9001, 2015 ఎడిషన్‌లో 7.5.2 క్లాజు ఉంది. పత్రాన్ని గుర్తుపట్టే వివరం ఉండాలంటుంది. శీర్షిక, తేదీ, రాసినవారు, రిఫరెన్స్ నంబరు లాంటివి ఉదాహరణగా చెబుతుంది. అవన్నీ లింకు పేరులో హాయిగా పడతాయి. అడ్రస్ మొత్తం కనిపించాలన్న షరతు అందులో లేదు. కాగితం ఫైళ్ల రోజుల్లో ప్రభుత్వ కార్యాలయాల్లో నోట్ రాసిన గుమాస్తా ఏం చేసేవారో గుర్తు చేసుకోండి. “ఫ్లాగ్ ఎ చూడవలెను” అని రాసి, ఆ కాగితానికి చీటీ తగిలించేవారు. మార్జిన్‌లో “23/సి” అని వేస్తే, కరెస్పాండెన్స్ భాగంలో 23వ పుట అని పై అధికారికి అర్థమయ్యేది. ఆ కాగితం ఏ గదిలో, ఏ బీరువాలో, ఎన్నో అరలో ఉందో నోట్‌లో ఎక్కించలేదని ఎవరూ తప్పు పట్టలేదు. లింకుకు పేరు పెట్టడం కొత్త విద్య కాదు, మన ఆఫీసులకు పాత అలవాటే.

మోసం గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మెసేజ్‌లో జనాన్ని భయపెట్టింది ఇదే. ముక్కూ మొహం తెలియనివాళ్లు పంపిన మెయిల్‌లో లింకు నొక్కే ముందు అడ్రస్ చూడాలన్నది నిజం. కంప్యూటర్‌లో మౌస్‌ను లింకు మీద ఉంచితే, ఫోన్‌లో లింకును నొక్కి పట్టుకుంటే కనిపిస్తుంది. కానీ “పూర్తి అడ్రస్ కనిపిస్తే మోసం ఉండదు” అని రాశారే, అది ప్రమాదకరమైన మాట. తెర మీద కనిపించే అడ్రస్ కూడా ఒక పేరే. పైన బ్యాంకు అడ్రస్ రాసి, కింద ఇంకో చోటికి దారి పెట్టడం దొంగకు చిటికెలో పని. అంతదాకా కూడా అక్కర్లేదు. అడ్రస్‌లో ముందు బ్యాంకు పేరుండి, దాని వెనకే @ గుర్తు ఉంటే, బ్రౌజర్ వెళ్లేది @ తర్వాత ఉన్న చోటికి. ఇంగ్లిష్ ‘ఎ’ బదులు అచ్చం అలాగే కనిపించే రష్యన్ అక్షరం పెట్టి మోసం చేసినవాళ్లున్నారు. పూర్తి అడ్రస్ చూశాం కదా అన్న ధీమాతో నొక్కేవాళ్లే వీటిలో పడతారు. పైగా మనం మాట్లాడుతున్నది మన సెక్షన్‌వాళ్లు, మన సర్వర్‌లోని ఫైల్‌కు, మన నోట్స్‌లో పెట్టిన లింకు గురించి. దానికీ దొంగ మెయిల్‌కీ ముడి పెట్టి అందరికీ టెన్షన్ తెప్పించడం ఏం న్యాయం?

ఇక “ఉత్త అలంకారం, ఎవరికీ ఉపయోగం లేదు” అన్న మాట. ఎవరిని అడిగి తేల్చారు?

మా పక్క సెక్షన్‌లో ఒక తమ్ముడు ఉన్నాడు. చూపు లేదు. ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌తో పనిచేస్తాడు, తెర మీద ఉన్నది అది చదివి వినిపిస్తుంది. ఫైళ్ల పనిలో నాకన్నా చురుకు. ఆర్నెల్ల కిందట అతనికి ఒక నోట్ వెళ్లింది. అందులో ఎనిమిది లింకులు, ఎనిమిదీ ఉత్త అడ్రస్‌లే, ఫైళ్ల పేర్లన్నీ తెలుగులో. ఇందాక చెప్పిన 93 గుర్తులను చెవితో వినడం ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. పర్సెంట్ ఈ సున్నా, పర్సెంట్ బీ సున్నా, మళ్లీ పర్సెంట్. అలా ఎనిమిది లింకులు. అతను కాసేపు విని, ఆపేసి, మెట్లు దిగి నా దగ్గరికి వచ్చాడు. “అన్నా, ఇందులో కొత్త కొలతల షీటు ఏదో కాస్త చూసి చెప్తావా?” అని అడిగాడు.

నాకు రెండు కళ్లూ ఉన్నాయి. నేనూ చెప్పలేకపోయాను. ఎనిమిదీ ఒక్కొక్కటే తెరిచి చూశాక తెలిసింది, అతనికి కావాల్సింది ఆరోదని.

అదే నోట్‌లో పేర్లు ఉంటే ఏమయ్యేది? ఇన్సర్ట్, ఎఫ్7 కలిపి నొక్కగానే ఎన్‌వీడీఏ ఆ పేజీలోని లింకులన్నిటినీ ఒక జాబితాగా చూపిస్తుంది. బాణం గుర్తుతో కిందికి దిగుతూ పేర్లు వింటూ, కావాల్సిన చోట ఎంటర్ కొడతాడు. ఎవరి దగ్గరికీ రానక్కర్లేదు, ఎవరినీ అడగక్కర్లేదు. ఒక మనిషి తన పని తాను చేసుకోగలగడం మీకు అలంకారంలా కనిపిస్తోందా?

ఇది నా సొంత అభిప్రాయం కూడా కాదు. వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ అనే సంస్థ, వెబ్ దివ్యాంగులకూ అందుబాటులో ఉండాలని 2008లో ఇచ్చిన డబ్ల్యూసీఏజీ 2.0 మార్గదర్శకాల్లో 2.4.4 అంశం ఇదే: లింకు ఎందుకో దాని పాఠాన్ని బట్టి, లేదా ఆ పాఠంతో పాటు దానికి ముడిపడిన చుట్టుపక్కల మాటలను బట్టి తెలియాలి. అది ‘ఎ’ స్థాయి నియమం, అంటే అన్నిటికన్నా కింది మెట్టు, కనీసం పాటించాల్సింది. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కూడా ఎలక్ట్రానిక్ సమాచారం వాళ్లకు అందుబాటులో ఉండాలనే చెబుతోంది. వీటిని పక్కన పెట్టి, ఎవరు రాశారో తెలియని మెసేజ్‌ను ఐదుసార్లు పంపుతారా?

ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమైంది. వాట్సాప్ మెసేజ్‌లో లింకుకు పేరు పెట్టే వీల్లేదు, అడ్రస్ మొత్తం అతికించాల్సిందే. రోజంతా అదే చూసి అదే పద్ధతి అనుకుంటున్నాం. వర్డ్‌లో, గూగుల్ డాక్స్‌లో, వన్‌నోట్‌లో మాట సెలెక్ట్ చేసి కంట్రోల్, కె నొక్కి అడ్రస్ పేస్ట్ చేస్తే అయిపోతుంది. మామూలు పాఠంలోనే గుర్తులతో రూపం ఇచ్చే మార్క్‌డౌన్ పద్ధతిలో నోట్స్ రాసేవాళ్లు పేరును చదరపు బ్రాకెట్లలో, దాన్ని ఆనుకునే అడ్రస్‌ను మామూలు బ్రాకెట్లలో రాయాలి.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. చాలా ఏళ్లు నేను లింకులకు “ఇక్కడ క్లిక్ చేయండి” అనే పెట్టాను. ఆ తమ్ముడి జాబితాలో అవి ఎలా వినిపిస్తాయి? ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ. దానికన్నా ఉత్త అడ్రసే నయం, ఎంతో కొంత ఆనవాలైనా ఉంటుంది. “తాజా షీటు” అన్న పేరూ అంతే, మూడు నెలలు తిరిగేసరికి అది తాజా కాదు. “కొలతల షీటు, సవరణ 3” అని పెడితే ఎప్పటికీ సరిపోతుంది.

రెండోది, ప్రింట్ గురించిన కొసరు మాట. అది నిజం. నేను ఇన్నేళ్లలో దాని గురించి ఆలోచించలేదు. సైటుకు వెళ్లే ఇంజనీర్ల చేతికి మేం కాగితాలే ఇస్తాం. నిన్న రాత్రి మెసేజ్ చూశాక, పొద్దున్నే మా నోట్ ఒకటి ప్రింట్ తీసి చూశాను. పేరు కింద నీలం గీత ఉంది, దాన్ని పట్టుకుని ఫైల్ దగ్గరికి వెళ్లే దారి మాత్రం లేదు. ఆ మెసేజ్ రాసినవాళ్లు ఈ ఒక్కటి చెప్పి ఆపేసి ఉంటే నేనే పదిమందికి పంపేవాణ్ని.

మధ్యాహ్నం ఆ అమ్మాయీ నేనూ కూర్చుని, పాత వెర్షన్ తెరిచి, తీసేసిన పేర్లన్నీ తిరిగి పెట్టాం. ఈసారి ప్రతి పేరు చివర డాక్యుమెంట్ నంబరు చేర్చాం. సైటుకు ప్రింట్ వెళ్లే నోట్స్‌కు మాత్రం ఆఖరి పేజీలో నంబర్ల వారీగా అడ్రస్‌లు కూడా ఇచ్చాం.